పిలిస్తే పలకని పిల్లవాడు

పిల్లలూ! ముందుగా ఒక చిన్న ప్రయోగం చేద్దాం. దీనికి పరికరాలేమీ అక్కరలేదు. కాగితం, పెన్సిలు చాలు. ఒక నిమిషం కళ్లు మూసుకొని కూర్చోండి. తరువాత మీకు వినిపించిన శబ్దాలన్నీ రాయండి.

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఉన్నవారికి బస్సుల హారన్లు, పైన మెట్రో రైలు చప్పుడు. నాచారం వారికి కార్ఖానా మోత, పక్కింటి కుక్కరు కూత, ఫ్యాను రొద. మరి కళ్లు మూయకముందు ఇవన్నీ ఎందుకు తెలియలేదు? చెవి వింటూనే ఉంది. కాని జల్లెడ మెరికలను ఆపినట్లు, మెదడు అక్కరలేని శబ్దాలను ఆపి, కావలసినదానిపైనే ధ్యాస నిలుపుతుంది.

ఆటిజం ఉన్నవారిలో చాలామందికి ఈ వడపోత వేరుగా ఉంటుంది. మనం పట్టించుకోని మోత వారికి భరించరానిది కావచ్చు. మాటలు నేర్వడంలో, ఇతరులతో కలవడంలో కూడా తేడా ఉంటుంది. ఇది అంటురోగం కాదు. మెదడు ఎదుగుదలలో పుట్టుకతో వచ్చే తేడా.

నా పొరపాటు

కొన్నేళ్ల కిందట నా ఆరో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. గంట మోగగానే చెవులు మూసుకొని బల్ల కింద దూరేవాడు. పొగరనుకొని ఒకనాడు వరండాలో నిలబెట్టాను. మరునాడు వాళ్లమ్మ వచ్చింది. నాచారంలో కూలిపని చేసే మనిషి.

"సార్, వాడు మొండోడు కాదు. గంట కొడితే వానికి చెవుల సూదులు గుచ్చినట్టయితది. రెండేండ్లప్పుడే నేను కనిపెట్టిన. ఎవ్వరూ నమ్మలే. నీ పెంపకమే బాగలేదన్నరు" అంది. పాఠాలు చెప్పే నాకు ఆనాడు ఆమె పాఠం చెప్పింది.

తప్పు తల్లిదా?

1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి ఆటిజం గురించి రాశాడు. ఆ తరువాత, తల్లి ప్రేమ చూపనందువల్లే ఇది వస్తుందని కొందరు పండితులే ప్రచారం చేశారు. ఎందరో తల్లులు చేయని తప్పుకు కుమిలిపోయారు.

1977లో సుసాన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రట్టర్ అనే శాస్త్రజ్ఞులు 21 జతల కవలలపై చేసిన పరిశోధన వెలువడింది. ఒకే అండం నుంచి పుట్టిన 11 జతలలో 4 జతలకు, ఇద్దరికీ ఆటిజం ఉంది. వేరు వేరు అండాల నుంచి పుట్టిన 10 జతలలో ఒక్క జతలోనూ ఇద్దరికీ లేదు. ఏ కవలలైనా పెరిగేది ఒకే తల్లి ఒడిలోనే కదా! కనుక తేడాకు మూలం పెంపకం కాదు, జన్యువులలో వెతకాలని తేలింది.

అయినా తల్లి మాట వినేవారు నేటికీ తక్కువే. అమెరికాలో 584 మంది నల్లజాతి పిల్లలపై చేసిన పరిశీలన 2020లో వెలువడింది. తల్లిదండ్రులు తేడా గమనించాక, ఆటిజమని తేలడానికి సగటున మూడేళ్లకు పైగా పట్టిందట. ఆ మూడేళ్లూ శిక్షణ మొదలుకావలసిన విలువైన కాలం.

ఏం చేయాలి?

ఏడాది నిండినా పేరు పిలిస్తే తిరగకపోవడం, ఏడాదిన్నరకు కూడా కావలసినదాన్ని వేలితో చూపకపోవడం, చేసిందే మళ్లీ మళ్లీ చేయడం కొన్ని గుర్తులు. ఒక్క గుర్తు చూసి నిర్ణయించరాదు. వినికిడి పరీక్ష చేయించి, వైద్యులకు చూపాలి. సికింద్రాబాద్ బోయినపల్లిలో, మనోవికాస్ నగర్‌లో, 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఉంది. అక్కడ ఇలాంటి పిల్లలను పరీక్షించి, శిక్షణ ఇస్తారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. కనుక ఈ పిల్లలను బడి కాదనరాదు.

మా అబ్బాయికి గంటకు దూరంగా చోటిచ్చాం. గంట కొట్టే ముందు బల్లమీద వేలితో తట్టి చెప్పేవాళ్లం. ఆనాటి పాఠాల వరుసను బొమ్మలుగా గీసి ఇచ్చాం. నెల తిరగకుండానే బల్ల కింద దూరడం తగ్గింది. ఒకరోజు నాగోలు నుంచి రాయదుర్గం దాకా మెట్రో స్టేషన్లన్నీ వరుస తప్పకుండా చెప్పాడు. తరగతంతా చప్పట్లు కొట్టబోయి, గుర్తుకొచ్చి, చేతులు పైకెత్తి ఊపింది.

ఇంటిపని: మీ తరగతి గదిలోని శబ్దాల పట్టిక తయారు చేయండి. వాటిలో మనం తగ్గించగలిగినవి ఎన్ని?