శరదృతువులో పూలతోట

ఆశ్వయుజ, కార్తీక మాసాలు శరదృతువు. బళ్ళారి జిల్లాలోని కంప్లి తుంగభద్ర ఒడ్డున ఉన్న ఊరు. ఇక్కడి పొలాలకు విజయనగర రాజుల కాలం నాటి కాలువలున్నాయి. పెరటి తోటకు కాలువ ఉండదు. కురిసిన వాననీటిని నేలలోనే నిలుపుకోవాలి. అందుకే వానలు తగ్గగానే తోటపని మొదలవుతుంది.

ముందుగా కలుపు తీయాలి. గింజ కట్టక ముందే పీకితే వచ్చే ఏడు కలుపు తగ్గుతుంది. తరువాత పాదులు తవ్వి, పశువుల ఎరువు వేయాలి. రాలిన ఆకులను తగలబెట్టరాదు. పాదులలో పరిస్తే అవి తేమను కాపాడి, చివికి ఎరువవుతాయి.

కార్తీకం గడిచాక మల్లెకు నీరు ఆపి, కొమ్మలను మూరెడు ఎత్తున కత్తిరించాలి. కొత్త చిగుళ్ళే వేసవిలో పూలనిస్తాయి. పారిజాతాన్ని మాత్రం ఇప్పుడు ముట్టరాదు. అది పూసే కాలమిదే. దాని పూలు రాత్రి విచ్చి, తెల్లవారేసరికి రాలుతాయి.

బంతి మెక్సికో నుండి వచ్చిన మొక్క. కంచె వెంట పెరిగే తంగేడు, జిల్లేడు మన నేలవే. పిచ్చిమొక్కలని వాటిని పెరికివేయరాదు. వాటి ఆకులు తిని పెరిగే గొంగళిపురుగులే సీతాకోకచిలుకలవుతాయి. ఆకులకు చిల్లులు పడ్డాయని మందు చల్లితే ఆ చిలుకలు మన తోటలో కనబడవు. జిల్లేడు పాలు కంటికి హాని చేస్తాయి. తాకితే చేతులు కడుక్కోవాలి.

ఏది తీయాలో, ఏది ఉంచాలో తెలిసినవారే మంచి తోటమాలులు.

ప్రశ్నలు

1. రాలిన ఆకులను ఎందుకు తగలబెట్టరాదు?
2. పారిజాతాన్ని శరదృతువులో ఎందుకు కత్తిరించరాదు?
3. మీ పరిసరాలలోని ఐదు పూలమొక్కల పేర్లను తెలుగులోను, కన్నడంలోను రాయండి.