తట్టు దారులను లెక్కించు విద్య

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో గణితముతో ఇంటరు ముగించిన విద్యార్థికి ఇంజనీరింగు, ఆ పిమ్మట హైదరాబాదో గల్ఫో తప్ప వేరు త్రోవ గోచరింపని ఈ దినములలో, పిల్లలకు సోకు అంటువ్యాధులు ఊరినుండి ఊరికి ఏ క్రమమున ప్రాకునో గణించి చెప్పు శాస్త్రమొకటి కలదనియు, దానికి స్టాటిస్టిక్సు చదివినవారే ఆధారమనియు తెలియవలసియున్నది.

తట్టునే గైకొందము. టీకా పడని జనములో ఒక్క రోగి 12 నుండి 18 మందికి దీనిని అంటింపగలడు. అయినను ఒకమారు సోకినవారికి జీవితాంతము రక్షణ కలుగుటచేత, చిన్న పట్టణములో సోకదగిన పిల్లలు శీఘ్రముగా తరిగిపోయి వ్యాధి తనంతట అణగిపోవును. టీకాలు లేని కాలమునందు, బయటినుండి మరల రాకయే తట్టు ఒక నగరములో నిలిచియుండుటకు రెండున్నర, మూడు లక్షల జనాభాయైనను ఉండవలెనని బార్ట్‌లెట్ అను ఆంగ్ల గణాంకవేత్త 1957లో లెక్కగట్టెను. 2011 జనగణనలో జగిత్యాల సుమారు లక్ష. సిరిసిల్ల, కోరుట్ల అంతకంటె చిన్నవి. ఆ లెక్కన ఈ మూడింటిలో ఏదియు తట్టును తానుగా పోషింపజాలదు. అది పెద్ద నగరమునుండి బస్సెక్కి రావలసినదే.

ఏ నగరమునుండి? జనాభా పెరిగినకొలది ఆకర్షణ పెరుగుననియు, దూరము పెరిగినకొలది తరుగుననియు చెప్పు గురుత్వాకర్షణ నమూనాను 2004లో షియా, బ్యోర్న్‌స్టాడ్, గ్రెన్‌ఫెల్ అనువారు ఇంగ్లండు, వేల్సుల తట్టు లెక్కలకు అన్వయించిరి. ఆ సూత్రమును యథాతథముగా ఇచ్చట వాడినచో కరీంనగరము, హైదరాబాదు కనబడును గాని, సాంచెల (మరమగ్గముల) పనికై తరతరాలుగా సిరిసిల్ల నేతవారు వెళ్లి స్థిరపడిన మహారాష్ట్రలోని భివండి కనబడదు. 2022 చివర ముంబయి, భివండి, మాలేగాంలలో తట్టు ప్రబలినది. పండుగకు, పెండ్లికి ఏ కుటుంబములు ఎచ్చటినుండి వచ్చునో ఎరిగినవాడే అట్టి తరుణమున నమూనాను సరిదిద్దగలడు. ఈ ఎరుక మన ప్రాంతపు విద్యార్థికి పుట్టుకతో అబ్బినది; గణితము మాత్రము కష్టించి నేర్వవలసినదే.

డిగ్రీలో గణితము, స్టాటిస్టిక్సు, కంప్యూటర్ సైన్సు కలిసిన బీఎస్సీ, ఆపై ఉస్మానియాలో ఎమ్మెస్సీ సామాన్య మార్గము. కలకత్తాలో మహలనోబిస్ 1931లో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇంటరు పిమ్మటనే ప్రవేశ పరీక్ష వ్రాసి బీస్టాట్‌లో చేరవచ్చును. ప్రజారోగ్యమువైపు మరలదలచువారికి చెన్నైలోని జాతీయ ఎపిడమాలజీ సంస్థ కలదు. ఉచితముగా లభించు ఆర్ అను కంప్యూటరు భాషలోని 'సర్వైలెన్స్' ప్యాకేజీలో, 2001, 2002 సంవత్సరములలో జర్మనీలోని వేజర్-ఎమ్స్ ప్రాంతమున 17 జిల్లాలకు వారమువారీగా నమోదైన తట్టు కేసులు పొందుపరచబడినవి. ఒక జిల్లాలోని కేసులలో స్వంత వ్యాప్తి ఎంత, పొరుగువారి పాలెంత అని విడదీయుట కోరుట్లలో కూర్చుండియే అభ్యసింపవచ్చును. సంభావ్యతా సిద్ధాంతము రాక సాఫ్ట్‌వేరు వెంట పరుగిడుట మాత్రము వ్యర్థమని నా అభిప్రాయము.

ఉద్యోగముల సంగతి దాచుట న్యాయము కాదు. జిల్లా ఆరోగ్య కార్యాలయములలో ఇట్టి నమూనాలు కట్టువారికని ప్రత్యేక పదవి కానరాదు. యూపీఎస్సీ నడుపు ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసు, రాష్ట్ర గణాంకశాఖ, పరిశోధన సంస్థల ప్రాజెక్టులు, విశ్వవిద్యాలయములు ముఖ్య ద్వారములు. కావున ఓర్పు గలవారే ఇందు దిగుడు. దిగదలచినచో ఈ యేడు డిగ్రీ ప్రవేశమునకై పెట్టు దోస్త్ దరఖాస్తులో స్టాటిస్టిక్సు గల కోర్సునే మొదటి ఐచ్ఛికముగా వ్రాయుడు.