వాయుగుండాల నెలలో దొడ్డి పని

కవిటి,
భాద్రపదం చివరి వారం

చిన్నీకి,

విజయనగరంలో ఇల్లు కుదిరిందనీ, వెనకాల మంచి దొడ్డి ఉందనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. దసరా సెలవుల్లో విత్తనాలన్నీ ఒకేసారి వేసేస్తానన్నావట. అంత తొందర వద్దు తల్లీ. మన వైపు ఈ రుతువులో ముందు నీళ్లకి దారి తీయాలి, చెట్ల మీద బరువు దింపాలి, ఆ తరవాతే విత్తనం ముట్టుకోవాలి.

ఒకసారి తుఫాన్ల తేదీలు చూడు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడింది. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మన వజ్రపుకొత్తూరు మండలంలో తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ పడగొట్టేసింది. నాటు కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. అప్పుడు కూలిన చెట్ల చోట నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే గెల వేస్తున్నాయి. ఆ ఎదురుచూపు తెలిసిన ఊరి నుంచి రాస్తున్నాను కాబట్టి నా మాట విను.

ముందు కాలవ. వాన పడుతుండగా గొడుగు వేసుకుని దొడ్డిలో నిలబడు, పల్లం ఎటుందో నీళ్లే చెబుతాయి. అవి ఆగిన చోటు నుంచి వీధి కాలవ దాకా జానెడు లోతు తవ్వించు, ఆ మట్టితోనే మళ్లు ఎత్తు చెయ్యి. బొప్పాయి మొదట్లో ఒకటి రెండు రోజులు నీళ్లు నిలిచినా వేరు కుళ్లిపోతుంది, దాని చుట్టూ మట్టి బాగా ఎగదోయించు. మునగ కర్ర పెళుసు, గాలికి ఆగదు. కాయ లేనప్పుడే కొమ్మలు తల ఎత్తుకి కొట్టించెయ్, మళ్లీ గుబురుగా చిగురిస్తుంది. గెల వేసిన అరటికి వెదురు పోటు పెట్టు. కొబ్బరికి ఎండుమట్టలు, ముదిరిన కాయలు దింపిస్తే చాలు. చెట్టెక్కినవాళ్లు బరువు తగ్గుతుందని పచ్చమట్టలు కూడా నరికేస్తుంటారు, దగ్గరుండి వద్దని చెప్పు. ఆ మట్టలే చెట్టుకి తిండి. కొత్తగా విచ్చిన మట్టలో ఆకులు కత్తెర పెట్టినట్టు తెగి ఉంటే కొమ్ము పురుగు చేరినట్టే. అది గుడ్లు పెట్టేది పెంటపోగులో. పోగు తిరగేసి తెల్ల పురుగుల్ని ఏరించు. మొవ్వు పక్క మట్టల సందుల్లో ఇసుక, వేపపిండి కలిపి వేయించు.

వంగ, టమాటా, మిరప నారు మాత్రం ఇప్పుడే పోసుకో. నేల మీద కాదు, ట్రేల్లోనో పాత తొట్టెల్లోనో. వాయుగుండం కబురు వినగానే వరండాలోకి లాక్కోవచ్చు. ఒత్తుగా చల్లితే నారుకుళ్లు వస్తుంది, పలచగా వెయ్యి, నీళ్లు పొద్దున్నే పొయ్యి. కుళ్లు కనిపిస్తే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదళ్లు తడుపు. నెల తిరిగేసరికి నారు నాటుకి వస్తుంది, అప్పటికి కార్తీకం. నవంబరులోనూ తుఫాన్లు రావని కాదు గానీ, వేరూనిన మొక్క తట్టుకుంటుంది.

దొడ్డిలో పాత చిక్కుడు పాదు ఒకటి పందిరంతా కమ్మేసిందనీ, ఒక్క పువ్వూ లేదనీ, పీకేద్దామనీ అన్నావట. పీకకు! పందిరి చిక్కుడు పగలు కురచయ్యేదాకా పూత పట్టదు. చలి మొదలయ్యాక చూడు, పుష్యం దాకా కోసుకుంటూనే ఉంటావు. ఈలోగా దానికి యూరియా వెయ్యకు, ఇంకా ఆకే పెరుగుతుంది. పేనుబంక పడితే ముందు నీళ్లు గట్టిగా కొట్టి కడుగు. లొంగకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి సాయంత్రం పూట చల్లు.

ముల్లంగి, పాలకూర, కొత్తిమీర జల్లులు వెనక్కి తగ్గాక నేరుగా చల్లుకోవచ్చు. ధనియాలు నలిపి బద్దలు చేసి చల్లాలి సుమా. టమాటా సాళ్ల మధ్య బంతి వెయ్యి, వేళ్లలో బుడిపెలు కట్టించే నులిపురుగుల్ని అది తగ్గిస్తుంది. చిప్పల్లో, ఖాళీ కుండీల్లో నీళ్లు నిలవనీయకు, ఇంట్లో పసివాడున్నాడు, డెంగ్యూ రోజులు.

ఇంకొకటి. గోడ పక్కనున్నది సువర్ణరేఖ మామిడి అని మీ అమ్మ అంది. కాపుకొచ్చిన చెట్టు కదా, వానలు ఆగాక దానికి నీళ్లు పెట్టకు. ఎండకి వాడిపోతుందేమోనని జాలిపడి బిందెలు పోస్తే పూతకి బదులు చిగురు వేస్తుంది. పూత నిలిచి పిందె కట్టాకే తడి ఇవ్వు.

దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవానికి వస్తున్నాను. బూడిదలో కలిపి దాచిన ఆనప గింజలు తెస్తాను. పాదు ఎక్కడ పెట్టాలో ఎండ చూసి ఇద్దరం తేల్చుకుందాం. అంతలోపు కాలవ తవ్వే మనిషిని మాట్లాడి ఉంచు.

ప్రేమతో,
పెద్దమ్మ