పిల్లికి మళ్ళీ మళ్ళీ మూత్రం మంట: తాండూరు, వికారాబాద్ వైపు నేర్చిన పాఠాలు

పశువుల డాక్టరుగా నా ఉద్యోగమంతా బర్రెలు, ఎడ్లు, గొర్రెల మధ్యే గడిచింది. అప్పట్లో దవాఖానకు పిల్లిని తెచ్చేవాళ్ళు అరుదు. ఇప్పుడు వికారాబాద్‌లోనూ తాండూరులోనూ పిల్లిని పెంచని వీధి లేదు. రిటైరైన తర్వాత కూడా ఇంటికొచ్చి అడిగేవాళ్ళు ఉన్నారు. ఎక్కువమంది అడిగేది ఒకటే: "సారూ, మా పిల్లికి యూరిన్ ఇన్ఫెక్షన్ తగ్గుతది, నెల తిరగకముందే మళ్ళొస్తది. ఏం చేయాలె?" వాళ్ళకు విడివిడిగా చెబుతూ వచ్చినవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

1. మగపిల్లి ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే, ఆ పూటే దవాఖానకు పోవాలి.

ఇది ముందు చెప్పకపోతే మిగతావన్నీ దండగ. మగపిల్లి మూత్రనాళం చివరికొచ్చేసరికి బాగా సన్నబడుతుంది. స్ఫటికాలు, జిగురు కలిసి అక్కడ అడ్డుపడితే మూత్రం బందవుతుంది. పిల్లి మాటిమాటికీ ఇసుక తొట్టిలోకి పోతుంది, కూర్చుని ముక్కుతుంది, అరుస్తుంది, తోక కింద నాకుతూనే ఉంటుంది. చూసేవాళ్ళకు అది మలబద్ధకంలా కనబడుతుంది. ఒక అవ్వ తెచ్చిన పిల్లి మూతికి ఇంకా ఆముదం అంటుకునే ఉంది. "రెండు దినాలాయె సారూ, ఏం తింటలేదు, దొడ్డికి రాక గోసపడుతున్నది" అన్నది. పొట్ట కింద చెయ్యి పెడితే మూత్రసంచి బత్తాయికాయలా గట్టిగా తగిలింది. అప్పటికే ఒళ్ళు చల్లబడింది, గుండె నెమ్మదించింది. దక్కలేదు.

మూత్రం ఆగిపోతే రక్తంలో పొటాషియం పెరుగుతుంది. గుండెను ఆపేది అదే. ఒకటి రెండు రోజుల్లో, మహా అయితే మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. అందుకే తెల్లారనిద్దాం, ఆదివారం పోనిద్దాం అనుకోవడానికి వీల్లేదు. తాండూరు నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు దాటుతుంది. పిల్లికి మత్తిచ్చి కాథెటర్ వేయగల డాక్టరు దగ్గర్లో ఎవరున్నారు, రాత్రిపూట ఎవరు చూస్తారు, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ దవాఖాన ఏ వేళల్లో తెరిచి ఉంటుంది అన్నవి పిల్లి బాగున్నప్పుడే కనుక్కుని నంబర్లు ఫోన్లో పెట్టుకోవాలి. పొట్ట నొక్కి మూత్రం పోయించాలని ఇంట్లో ప్రయత్నించొద్దు, సంచి పగులుతుంది. బార్లీ నీళ్ళో, కొండపిండి ఆకు కషాయమో బలవంతంగా తాపొద్దు. దారి మూసుకుపోయినప్పుడు లోపలికి ఎంత పోస్తే అంత ప్రమాదం.

2. మంట ఉన్న ప్రతి పిల్లికీ ఇన్ఫెక్షన్ ఉండదు.

నన్ను అడిగితే, మూత్రం బందయ్యే ఆ ప్రమాదం తర్వాత జనానికి అన్నిటికన్నా ముందు తెలియాల్సిన సంగతి ఇదే. పదేళ్ళ లోపు పిల్లుల్లో ఈ బాధకు సగానికి పైగా కేసుల్లో ఏ క్రిమీ దొరకదు. మూత్రసంచి లోపలి పొర వాస్తుంది, రక్తం పడుతుంది, నొప్పి పుడుతుంది. కారణం మాత్రం బెదురు, ఒత్తిడి, చిక్కటి మూత్రం, పిల్లి తత్వం అన్నీ కలిసి ఉంటాయి. డాక్టర్లు దీన్ని ఇడియోపతిక్ సిస్టైటిస్ అంటారు. దారి మూసుకుపోకపోతే ఇది సాధారణంగా వారంలోపు దానంతటదే తగ్గుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. మూడో రోజున యాంటీబయాటిక్ ఇచ్చినా తగ్గుతుంది, ఆకు పసరు పోసినా తగ్గుతుంది, తాయెత్తు కట్టినా తగ్గుతుంది. ఇచ్చినదాని వల్లే తగ్గిందని మనం నమ్ముతాం. అసలు కారణం ఇంట్లో అట్లాగే ఉంటుంది కనుక మళ్ళీ వస్తుంది, మళ్ళీ అదే గోలీ.

తగ్గేదే కదా అని నొప్పితో వదిలేయమని కాదు. పిల్లులకు పనికొచ్చే నొప్పి మందులు డాక్టరు దగ్గర ఉంటాయి. అవి అడిగి ఇప్పించుకోండి.

3. పరీక్షకు మూత్రం ఎట్లా తీశారో, ఎంతసేపటికి చూశారో అడగండి.

తొట్టిలోంచి ఎత్తిన మూత్రంలో బయటి క్రిములు కలుస్తాయి. కల్చర్ పరీక్షకు సన్నటి సూదితో మూత్రసంచిలోంచి నేరుగా తీసిందే నమ్మదగింది. విని భయపడతారు గానీ, తెలిసిన చేతికి అది క్షణాల పని. ఇంకొక సంగతి మనలాంటి ఊళ్ళవాళ్ళు తప్పక తెలుసుకోవాలి. ఐసు డబ్బాలో పెట్టి రైలెక్కించి హైదరాబాద్ ల్యాబుకు పంపిన మూత్రంలో, ఒంట్లో ఉన్నప్పుడు లేని స్ఫటికాలు చల్లదనానికి దారిలోనే పుడతాయి. రిపోర్టులో "క్రిస్టల్స్" అని చూసి రాళ్ళు కరిగించే తిండి మొదలుపెట్టిన ఇళ్ళు ఎన్నో. స్ఫటికాలు చూడాలంటే తీసిన గంటలోపు ఇక్కడే మైక్రోస్కోపు కింద పెట్టాలి. కల్చర్‌కు పంపేదాన్ని మాత్రం చల్లగానే ఉంచాలి. అంటే నమూనా రెండు భాగాలు చేసుకోవాలి.

రాళ్ళున్నాయో లేదో ఎక్స్‌రే, స్కానింగ్ చెబుతాయి. స్ట్రువైట్ అనే రకం రాళ్ళయితే డాక్టరు రాసే ప్రత్యేక తిండితో కొన్ని వారాల్లో కరుగుతాయి. కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు ఏ తిండికీ కరగవు.

4. మెడికల్ షాపు గోలీలతో పిల్లికి వైద్యం చేయొద్దు.

పారాసిటమాల్‌ను విరగగొట్టే శక్తి పిల్లి కాలేయానికి లేదు. మనం జ్వరానికి వేసుకునే 500 మిల్లీగ్రాముల గోలీ ఒక్కటి చాలు పిల్లిని చంపడానికి. చిగుళ్ళు గోధుమ రంగుకు తిరుగుతాయి, మొహం వాస్తుంది, ఊపిరి అందదు. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ కూడా దగ్గరికి రానీయొద్దు. ఎన్రోఫ్లాక్ససిన్ మోతాదు మించితే పిల్లి కళ్ళు పోతాయి.

మంటతో పాటు క్రిములున్నాయని కల్చర్‌లో తేలినప్పుడు యాంటీబయాటిక్ కావాల్సిందే. మామూలు ఇన్ఫెక్షన్‌కు మూడు నుంచి ఐదు రోజుల మందు సరిపోతుందని ఇప్పటి వైద్యశాస్త్రం చెబుతోంది. నెలల తరబడి వాడితే మిగిలేది మందుకు లొంగని క్రిమి. ఆరు నెలల్లో రెండుసార్లు గానీ, ఏడాదిలో మూడుసార్లు గానీ నిజమైన ఇన్ఫెక్షన్ వస్తే అప్పుడు "మళ్ళీ మళ్ళీ వచ్చేది" అని లెక్క. అప్పుడు మందు మార్చడం కాదు, వెనక ఏ జబ్బు దాగి ఉందో వెతకాలి.

5. నీళ్ళు ఏ బోరువన్నది కాదు, ఎన్ని తాగిందన్నది చూడండి.

తాండూరు బండ సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడికొచ్చింది దానికోసమే. బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది కనుక, పిల్లికి రాళ్ళు కూడా దాని వల్లేనని జనం గట్టిగా నమ్ముతారు. అట్లా అనడానికి తగిన ఆధారం లేదు. స్ట్రువైట్ అంటే మెగ్నీషియం, అమోనియం, ఫాస్ఫేట్. అందులో సున్నమే లేదు. పిల్లి పూర్వీకులు ఎడారి జంతువులు. దాహం తక్కువ, మూత్రం చిక్కన. ఎలుకను తింటే దాని ఒంట్లోని నీరే చాలావరకు సరిపోతుంది. అట్లాంటి పిల్లికి పదో వంతు తేమ కూడా లేని ఎండు గింజలు పెడితే లోటు ఎవరు తీర్చాలి?

నాలుగు కిలోల పిల్లికి తిండిలోని తేమతో కలిపి రోజుకు సుమారు 200 మిల్లీలీటర్ల నీళ్ళు కావాలి. రెండు మూడు గదుల్లో వెడల్పాటి గిన్నెలు పెట్టండి, తిండి గిన్నెకు, తొట్టికి దూరంగా. రోజూ మార్చండి. ఎండు తిండి నానబెట్టి పెట్టండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా చికెన్ ఉడికించిన నీళ్ళు పోస్తే మొండి పిల్లి కూడా నాకుతుంది.

6. పప్పన్నం మనకు, మాంసం పిల్లికి.

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనకు అంతకు మించిన పప్పు లేదు. పిల్లి మాత్రం పుట్టుకతో మాంసాహారి. శాకాహారుల ఇళ్ళలో ప్రేమగా పెట్టే పప్పన్నం, పెరుగన్నం దాని మూత్రాన్ని క్షారం వైపు తిప్పుతాయి. స్ట్రువైట్ కట్టేది అక్కడే. టారిన్ అనే పోషకం అందక కళ్ళు, గుండె కూడా దెబ్బతింటాయి. చికెన్ ఉడికించినప్పుడు టారిన్ నీళ్ళలోకి దిగుతుంది, ఆ నీళ్ళు పారబోయకండి. ఉత్త చికెన్‌తోనూ సమతుల్యం కుదరదు. మాంసం వండని ఇల్లయితే తడి తిండి ప్యాకెట్లు వాడండి. పిల్లిని తెచ్చుకున్నాక ఈ మాత్రం సర్దుబాటు మనమే చేసుకోవాలి.

7. బెదురు మూత్రసంచిలో కూర్చుంటుంది.

ఇంటి పక్కన బండలు కోసే మిషను మొదలవడం, అనంతగిరి వైపు నుంచి కోతులు దిగడం, కొత్త కుక్క, కొత్త పసిబిడ్డ, ఇల్లు మారడం. తిరగబెట్టిన కేసుల్లో ఎప్పుడు మొదలైందని అడిగితే చాలాసార్లు ఇట్లాంటిదే బయటపడుతుంది. చలికాలంలో కదలక, నీళ్ళు తాగక మూలన పడుకునే పిల్లుల్లోనూ ఎక్కువ చూశాను. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ డాక్టరు టోనీ బఫింగ్టన్ బృందం 2006లో ఇదే చూపించింది: పిల్లి ఉండే తావును దానికి నచ్చినట్టు మార్చితే జబ్బు తిరగబెట్టడం తగ్గింది.

చేయాల్సింది ఖర్చు లేని పని. ఎన్ని పిల్లులుంటే అన్నిటికీ ఒక్కో తొట్టి, పైన ఇంకొకటి. అన్నీ ఒకే మూలన వద్దు. రోజూ శుభ్రం చేయాలి. ఎక్కి కూర్చోవడానికి ఎత్తైన చోటు, దూరడానికి అట్టపెట్టె, రోజూ ఒకే వేళకు తిండి, కాసేపు ఆట. బయట పోసిందని కొట్టొద్దు. నీలి నాపబండ మీద గులాబి రంగు చుక్క కనబడితే అది తప్పు కాదు, రక్తం.

8. ఆపరేషన్ చేయిస్తే నాళం సన్నబడుతుందన్నది అపోహ.

పిల్లలు పుట్టకుండా చేయించిన తర్వాత ఒళ్ళు చేస్తుంది. కీడు చేసేది ఆ కొవ్వు. తిండి కొలిచి పెట్టండి. మాటిమాటికీ అడ్డుపడే మగపిల్లికి నాళం వెడల్పు చేసే సర్జరీ ఉంది. ప్రాణం నిలుపుతుంది గానీ ఆ తర్వాత క్రిములు లోపలికి ఎక్కడం సులువవుతుంది, కనుక అది ఆఖరి దారి.

9. ముసలి పిల్లి లెక్క వేరు.

పదేళ్ళు దాటిన పిల్లికి మూత్రం మంట వస్తే అప్పుడు నిజమైన ఇన్ఫెక్షన్‌ను అనుమానించండి. వెనక కిడ్నీ జబ్బు, షుగరు, థైరాయిడ్ ఉండొచ్చు. నీళ్ళు ఎక్కువ తాగుతోందా, చిక్కుతోందా చూసి రక్తపరీక్ష చేయించండి. కల్చర్‌లో క్రిములు కనబడినా పిల్లికి ఏ బాధా లేకపోతే మందు అక్కర్లేదు. మంట ఎప్పుడు మొదలైంది, ఆ వారం ఇంట్లో ఏం మారింది, ఏ తిండి పెట్టారు, రోజుకు ఎన్నిసార్లు పోసింది అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఆ కాగితంతో పాటు, ఇంతకుముందు వాడిన గోలీల అట్టలు కూడా వెంట తీసుకుపోండి.