పీహెచ్‌డీ తర్వాత పోస్ట్‌డాక్: తల్లిదండ్రులు తెలుసుకోవాల్సింది



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మగారు అడిగారు: "మేడమ్, మా పెద్దబ్బాయికి ఫ్లూయిడ్ డైనమిక్స్‌లో పీహెచ్‌డీ అయిపోవచ్చింది. ఇప్పుడు పోస్ట్‌డాక్ అంటున్నాడు. దానికి మళ్లీ ఫీజెంత కట్టాలండీ?"

ఫీజేమీ ఉండదండీ. జీతమో, ఫెలోషిప్పో వాళ్లే ఇస్తారు. పోస్ట్‌డాక్ అంటే ఇంకో డిగ్రీ కాదు, రెండు మూడేళ్ల తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. "డబ్బు కడితే పోస్ట్‌డాక్ ఇప్పిస్తాం" అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఫ్లూయిడ్ డైనమిక్స్ అంటే ఏమిటి?

నీరు, గాలి ఎలా ప్రవహిస్తాయో చెప్పే శాస్త్రం. 2023 జూలైలో, మళ్లీ 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదకు నీళ్లు రావడం మనం చూశాం. అలాంటి వరద ఎంత ఎత్తుకు వస్తుందో, ఎంతసేపట్లో వస్తుందో లెక్కగట్టేది ఈ శాస్త్రంతోనే. తుఫాను అంచనాకూ, విమానం రెక్కకూ, రక్తప్రసరణ పరిశోధనకూ ఇదే ఆధారం. కాబట్టి మెకానికల్ విభాగాల్లోనే కాక వాతావరణం, సముద్రం, వైద్య రంగాల్లోనూ అవకాశాలు వెతకాలి.

ఎక్కడ, ఎలా వెతకాలి?

1. హైదరాబాద్‌లో టీఐఎఫ్‌ఆర్, ఇన్‌కాయిస్, తిరుపతి దగ్గర గాదంకిలో ఎన్‌ఏఆర్‌ఎల్, బెంగళూరులో ఐఐఎస్‌సీ ఉన్నాయి. వాటి ప్రకటనలు చూస్తుండాలి.

2. మన దేశపు నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్, జర్మనీ హంబోల్ట్, యూరప్ మేరీ క్యూరీ ఫెలోషిప్‌లు ఉన్నాయి. కొన్నిటికి వయసు, కొన్నిటికి పీహెచ్‌డీ వచ్చిన ఏడాది లెక్క. ఊరికే ఆగితే అర్హత పోతుంది.

3. అన్నిటికంటే ముఖ్యం, శాస్త్రవేత్తకు నేరుగా మెయిల్ రాయడం. ఆయన పేపర్ చదివి, తాను చేసిన పని ఏమిటో, ఆ ల్యాబ్‌లో ఏం చేయగలడో ఒక పేజీలో రాయాలి. ఒకే మెయిల్ వందమందికి పంపితే జవాబు రావడం కష్టం. థీసిస్ ఇవ్వడానికి ఏడాది ముందే మొదలుపెట్టాలి. సిఫారసు లేఖలు ఇచ్చే ప్రొఫెసర్లను అప్పుడే అడగాలి.

ఒక ఉదాహరణ

కోలార్‌లో పుట్టిన కాటేపల్లి శ్రీనివాసన్ గారు 1975లో ఐఐఎస్‌సీలో పీహెచ్‌డీ చేశారు. తర్వాత ఆస్ట్రేలియాలో, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో పరిశోధకుడిగా పనిచేసి, 1979లో యేల్‌లో అధ్యాపకుడయ్యారు. మధ్యలో నాలుగేళ్లు. ఈరోజు టర్బులెన్స్ పరిశోధనలో ఆయనది ప్రపంచమంతా తెలిసిన పేరు.

మనం చేయాల్సింది

పోస్ట్‌డాక్ చేసిన అందరికీ పర్మనెంట్ పోస్టు రాదు, అది నిజం. అందుకే ఎన్నేళ్లు ప్రయత్నించాలో, రాకపోతే కంపెనీ ఉద్యోగానికి ఎప్పుడు వెళ్లాలో ఇంట్లో కూర్చుని ముందే మాట్లాడుకోండి. "ఎప్పుడు సెటిలవుతావు?" అని చుట్టాలు ఎలాగూ అడుగుతారు. మీరు మాత్రం "ఈ వారం ఎవరికి రాశావు నాన్నా?" అని అడగండి.

మీ పిల్లల సైన్స్ టీచర్,
నందిగామ బ్రాంచి