పొగమంచు కమ్మేలోపు

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. నక్షత్రాల ఫొటోలకి కలర్ కెమెరా కొనాలా, మోనో (నలుపు తెలుపు) కెమెరా కొనాలా అని అడిగావు. మోనోతో బొమ్మ తేటగా వస్తుందని నువ్వు విన్నది నిజమే. ఎందుకో ముందు తెలుసుకో.

ఏ సెన్సర్‌కీ రంగు తెలియదు, ఎంత వెలుగు పడిందో అంతే కొలుస్తుంది. అందుకే కలర్ కెమెరాలో ఒక్కో పిక్సెల్ మీద ఒక్కో రంగు ఫిల్టర్ ఉంటుంది: ప్రతి నాలుగింటిలో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కి 1976లో పేటెంట్ వచ్చిన అమరిక అది. ఓరియన్ నెబ్యులాలో హైడ్రోజన్ 656 నానోమీటర్ల ఎరుపులో వెలుగుతుంది. ఆ ఎరుపు కలర్ కెమెరాలో ప్రధానంగా నాలుగో వంతు పిక్సెళ్లకే అందుతుంది. మోనోకి హైడ్రోజన్ ఫిల్టర్ పెడితే అన్నిటికీ అందుతుంది.

హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ వాళ్లు అంతర్జాతీయ ఆకాశ పటంలో తమ వంతుకి వచ్చిన భాగాన్ని నలుపు తెలుపు గాజు పలకల మీదే తీశారు. ఏ నక్షత్రం ఎక్కడుంది, ఎంత ప్రకాశం అన్నదే వాళ్లకి కావలసింది. నీకు రంగులు కావాలి. మోనోలో అవి రావాలంటే మూడు ఫిల్టర్లతో విడివిడిగా తీసి కలపాలి.

మీ టైడాలో చిక్కు ఇక్కడే. వానాకాలమంతా మబ్బు. చలికాలంలో ఆకాశం తేటపడినా, లోయలోంచి పొగమంచు ఎప్పుడు లేస్తుందో చెప్పలేం. ఎరుపు, ఆకుపచ్చ అయి నీలం మొదలెట్టేసరికి మంచు కమ్మితే ఆ రాత్రి బొమ్మ సగంలో ఆగిపోతుంది. ఫిల్టర్లు వంతులవారీగా మార్చుకుంటూ తీయొచ్చు కానీ, దానికి మోటారు చక్రం కావాలి, మార్చినప్పుడల్లా ఫోకస్ చూసుకోవాలి. కలర్‌లో ప్రతి ఎక్స్‌పోజర్‌లోనూ మూడు రంగులూ ఉంటాయి. గంట దొరికినా గంటకి తగ్గ బొమ్మ చేతికొస్తుంది.

అందుకని నువ్వు కలరే కొను, కూలింగ్ ఉన్నది చూసి. హైడ్రోజన్, ఆక్సిజన్ వెలుగుల్ని మాత్రమే వదిలే డ్యుయల్ బ్యాండ్ ఫిల్టర్ ఒకటి తోడుంటే వెన్నెల రాత్రుల్లో కూడా నెబ్యులాలు తీయగలవు, విశాఖ వైపు వెలుగూ తగ్గుతుంది. ఏప్రిల్‌లో ఒమేగా సెంటారీ నక్షత్ర గుచ్ఛాన్ని తీసేటప్పుడు మాత్రం ఆ ఫిల్టర్ తీసెయ్, లేకపోతే నక్షత్రాల అసలు రంగులు పోతాయి. మీ ఊరి నుంచి అది దక్షిణాన సుమారు 24 డిగ్రీల ఎత్తుకే వస్తుంది. కొండ అడ్డం లేని చోటు పగలే చూసి పెట్టుకో.

ముందుముందు మసక నెబ్యులాల మీదో, నక్షత్రాల ప్రకాశం కొలవడం మీదో మనసు పడితే అప్పుడు మోనో కొనుక్కుందువుగాని. ఇప్పుడు మిగిలే డబ్బుతో లెన్స్ చుట్టూ కట్టే హీటర్ పట్టీ కొను. మంచు పట్టాక తుడుస్తూ కూర్చోవడం కాదు, చీకటి పడగానే దాన్ని ఆన్ చెయ్యి.

మావయ్య