చైనీస్ భోజనంలో పిండిపదార్థం ఎక్కడ దాగి వుంది?

పిండిపదార్థాలు తగ్గించి తినాలని నిశ్చయించుకున్నవారు హోటలుకు వెళితే చేసే మొదటి పని అన్నం వద్దనడం. ఇడ్లీ, దోసె, పూరీల ముందు కూర్చుని ఆ నియమం పాటించడం కష్టమే గానీ, చైనీస్ రెస్టారెంటులో చాలా సులువనిపిస్తుంది. ఫ్రైడ్ రైసూ, నూడిల్సూ పక్కన పెడితే మిగిలినవన్నీ కూరగాయలూ, కోడిమాంసమూ, చేపలూ, గుడ్లే కదా అనుకుంటాం. ఈ అభిప్రాయం సగమే నిజం. మిగతా సగం ఏమిటో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది నాజూకు కోసం తాపత్రయపడేవారి గొడవ మాత్రమే కాదు. మన దేశంలో మధుమేహం వున్నవారు 10 కోట్లకు పైగా వున్నారని భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన అధ్యయనం 2023లో తేల్చింది. అంటే మన ఇంట్లోనో, పక్కింట్లోనో ఒకరుంటారు. పుట్టినరోజు విందుకు మనం రెస్టారెంటుకు తీసుకువెళ్ళే నాన్నగారో, పెద్దమ్మో వారిలో ఒకరు కావచ్చు.

తగ్గించడమంటే ఎంత?

మన మామూలు భోజనంలో శక్తి 60 శాతానికి పైగా పిండిపదార్థాల నుండే వస్తుంది. రోజుకు 2000 కిలో కేలరీలు తినే మనిషికి ఇది 300 గ్రాముల పైమాటే. ఎందుకంటే ఒక గ్రాము పిండిపదార్థం 4 కిలో కేలరీలిస్తుంది. రోజుకు 130 గ్రాముల లోపు తింటే దాన్ని తక్కువ పిండి ఆహారం అనీ, 20 నుండి 50 గ్రాములకు దించితే అతి తక్కువ పిండి ఆహారం అనీ సాధారణంగా వ్యవహరిస్తారు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. లండన్‌లో విలియం బాంటింగ్ అనే స్థూలకాయుడు వైద్యుని సలహాపై రొట్టె, చక్కెర, బంగాళాదుంపలు మాని, తాను సన్నబడిన వైనాన్ని 1863లోనే ఒక చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. అమెరికాలో డాక్టర్ అట్కిన్స్ పుస్తకం 1972లో వచ్చి దీనికి మళ్ళీ ప్రాచుర్యం తెచ్చింది. మొదటి ఆరు నెలల్లో బరువూ, రక్తంలో చక్కెరా బాగా తగ్గుతాయనీ, ఏడాది తిరిగేసరికి ఇతర పథ్యాలతో పోలిస్తే తేడా చాలవరకు తగ్గిపోతుందనీ పరిశోధనల సారాంశం. కనుక ఇది మంత్రమూ కాదు, మోసమూ కాదు.

మనం తినేది ఏ చైనా?

మన ఊళ్ళలో చైనీస్ అనిపించుకునే వంట చాలావరకు ఇండియాలో రూపుదిద్దుకున్నదే. కలకత్తాలో స్థిరపడిన చైనా కుటుంబాల వంటకు అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి ఘాటు తోడై ఈ రుచి పుట్టింది. చికెన్ మంచూరియాను 1975లో బొంబాయిలో నెల్సన్ వాంగ్ అనే వంటగాడు తయారుచేశాడని చెబుతారు. కోడిముక్కలను కార్న్‌ఫ్లోర్‌లో ముంచి వేయించి, సోయా సాస్ కలిపిన గుజ్జులో వేయడమే దాని కిటుకు. చికెన్‌కు బదులు కాలీఫ్లవర్ వేస్తే అదే మన వీధి బండిమీది గోబీ మంచూరియా.

మూడు రహస్య స్థావరాలు

మొదటిది పైపూత. కార్న్‌ఫ్లోర్, మైదా జారుగా కలిపి, ముక్కలను ముంచి నూనెలో వేయిస్తారు. "డ్రై" అని రాసినంతమాత్రాన నిశ్చింతగా వుండరాదు. గ్రేవీ లేకపోయినా పూత వుంటుంది. కరకర ఎంత ఎక్కువైతే పిండి అంత దట్టమన్నమాట.

రెండవది గుజ్జు. కార్న్‌ఫ్లోర్‌ను చన్నీళ్ళలో కలిపి ఉడుకుతున్న సాస్‌లో పోస్తే, సుమారు 65 డిగ్రీల సెంటీగ్రేడు వేడి దగ్గర పిండి రేణువులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. సాస్ చిక్కబడి అద్దంలా మెరుస్తుంది. స్వీట్ కార్న్ సూప్, హాట్ అండ్ సోర్ సూప్, మంచౌ సూప్ చిక్కగా వుండడానికి కారణం ఇదే. మంచౌ సూప్‌పై చల్లే వేయించిన నూడిల్సు అదనం.

మూడవది తీపి. టొమాటో సాస్‌లోనూ, స్వీట్ అండ్ సోర్ సాస్‌లోనూ చక్కెర బాగానే వుంటుంది. పులుపూ కారమూ ముందుండి తీపిని కప్పేస్తాయి కనుక నాలుక పసిగట్టదు.

ఒక చిన్న లెక్క

గోబీ మంచూరియా ఒక ప్లేటుకు వంటవాడు 5 పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్, 3 పెద్ద చెంచాల మైదా, 2 పెద్ద చెంచాల టొమాటో సాస్, ఒక చిన్న చెంచా చక్కెర, 200 గ్రాముల కాలీఫ్లవర్ వాడాడనుకుందాం. పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్‌లో సుమారు 7 గ్రాముల పిండిపదార్థం వుంటుంది, మైదాలో 6. కాబట్టి:

కార్న్‌ఫ్లోర్ – 35 గ్రాములు
మైదా – 18 గ్రాములు
టొమాటో సాస్ – 9 గ్రాములు
చక్కెర – 4 గ్రాములు
కాలీఫ్లవర్ – 10 గ్రాములు
మొత్తం – 76 గ్రాములు

వండిన తెల్ల అన్నం 100 గ్రాములలో 28 గ్రాముల పిండిపదార్థం వుంటుంది. అంటే అన్నం మానేశానని సంతోషిస్తూ ఈ ప్లేటు ఒక్కరే తిన్నవారు దాదాపు 270 గ్రాముల అన్నం తిన్నట్టే! కూరగాయ వాటా అందులో పది గ్రాములే. దోషం గోబీది కాదు, తొడిగిన చొక్కాది.

ప్రయోగశాలలో చూడవచ్చు

ఇది రసాయనశాస్త్ర విద్యార్థులు స్వయంగా చేయదగిన పరీక్ష. రెండు పరీక్షనాళికలు తీసుకోండి. ఒకదానిలో క్లియర్ సూప్, మరొకదానిలో స్వీట్ కార్న్ సూప్ కొంచెం పోసి, నీళ్ళతో పలుచన చేసి, పూర్తిగా చల్లారనివ్వండి. రెంటిలోనూ ఒక్కొక్క చుక్క అయొడిన్ ద్రావణం వేయండి. పిండి వున్నచోట నీలి నలుపు రంగు వస్తుంది. వేడిగా వుండగా వేస్తే రంగు నిలవదు. పరీక్షించిన సూప్ తాగరాదని వేరే చెప్పనవసరం లేదు.

రెస్టారెంటులో అయొడిన్ లేకపోయినా చెంచా వుంటుంది. సాస్‌లో ముంచి తీస్తే చెంచా వెనుక మందంగా, మెరుస్తూ అంటుకుందా? పిండి వున్నట్టే లెక్క.

ఏం అడగాలి? ఏం తినాలి?

వంటకం పేరు అడిగితే లాభం లేదు. చేసే విధానం అడగాలి. సర్వర్‌ను మూడే ప్రశ్నలు వేయండి: ముక్కలకు పిండి పూస్తారా? గ్రేవీలో కార్న్‌ఫ్లోర్ వేస్తారా? చక్కెరగానీ టొమాటో సాస్‌గానీ కలుపుతారా? రద్దీ లేని వేళ అడిగితే, కార్న్‌ఫ్లోర్ లేకుండా చేసి ఇవ్వడానికి చాలామంది వంటవాళ్ళు అభ్యంతరం చెప్పరు.

క్లియర్ సూప్, లెమన్ కొరియాండర్ సూప్, ఆవిరిపై ఉడికించిన చేప, పూత లేకుండా వెల్లుల్లితో పెద్దమంటపై వేయించిన క్యాబేజీ, బీన్స్, పుట్టగొడుగులు, కాప్సికం, గుడ్లు, సోయా పనీరు మంచివి. స్ప్రింగ్ రోల్సూ, మోమోలూ మైదా తొడుగులే. అన్నం మీద మరీ మమకారమైతే మంచూరియా మాని, చిన్న గిన్నెడు అన్నం బాహాటంగా తినడం మేలు. కంటికి కనిపించే పిండిని కొలవవచ్చు; కనిపించనిదాన్ని కొలవలేము.

సోయా సాస్‌లో పిండిపదార్థం స్వల్పమే గానీ ఉప్పు అపారం. ఒక పెద్ద చెంచాలో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం వుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పిన హద్దు 2000 మిల్లీగ్రాములు. రక్తపోటు వున్నవారు ఇది మరువరాదు.

ముఖ్యమైన హెచ్చరిక

ఇన్సులిన్ తీసుకునేవారూ, క్లోమాన్ని ప్రేరేపించి ఇన్సులిన్ ఊరించే మాత్రలు వాడేవారూ ఉన్నట్టుండి పిండిపదార్థాలు మానితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. గ్లిఫ్లోజిన్ జాతి మాత్రలు వాడేవారికి రక్తంలో కీటోన్ ఆమ్లాలు పెరిగే అపాయం వుంది. మూత్రపిండాల జబ్బు వున్నవారికి మాంసకృత్తుల మోతాదు వేరు. వీరంతా ముందుగా వైద్యుణ్ణి సంప్రదించి, మందు మోతాదు సరిచేయించుకున్న తరువాతనే పథ్యం మొదలుపెట్టాలి.

పథ్యం చేసేవారిని ఎగతాళి చేయడం మన విందుల్లో ఒక వేడుక. "ఒక్క ముక్క తింటే ఏమవుతుందోయ్" అంటూ ప్లేటు ముందుకు తోస్తాం. ఆ మాట అనేముందు ఆ ముక్క చుట్టూ ఏముందో తెలిసివుంటే, ప్లేటుకు బదులు సర్వర్‌ను పిలుస్తాం. మనం చదివిన నాలుగు ముక్కల రసాయనశాస్త్రం ఇంట్లోవారికి ఈపాటి సాయం చేసినా ఆ చదువు వృథా పోలేదన్నమాటే.